ఇంటివాళ్ళ సంతకం లేని బిల్లు చెల్లదు

ఇల్లు ఎవరిదో వాళ్ళకే ఆ ఇంటి లెక్క తెలియకూడదట. ఆదివాసీలకు కట్టించే ఇళ్ళ విషయంలో ఇన్నేళ్ళుగా నడుస్తున్న న్యాయం ఇదే. ప్లాను గీసేవాడు ఒకడు, టెండరు పిలిచేవాడు ఒకడు, కట్టేవాడు ఒకడు, కొలిచేవాడు ఒకడు, బిల్లు పాస్ చేసేవాడు ఇంకొకడు. ఆ ఇంట్లో కాపురం ఉండబోయే మనిషితో వీళ్ళలో ఎవరికీ పని లేదు. తాళం చెవి చేతిలో పెట్టి ఫొటో తీసే రోజున మాత్రమే ఆ మనిషి గుర్తొస్తాడు. ఈ పద్ధతి మారాలని, దాన్ని మార్చే చదువు మన పిల్లలకు మనమే చెప్పాలని ఈ వ్యాసంలో మా వాదన.

మేము పాత పశ్చిమ గోదావరి జిల్లా ఏజెన్సీలో పుట్టి, టీచర్ ట్రైనింగ్ చేసి, ఉద్యోగాల కోసం దిగువకు వచ్చినవాళ్ళం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసేదాకా పోలవరం, బుట్టాయగూడెం కొండలూ మొగల్తూరు సముద్రపు ఒడ్డూ ఒకే జిల్లా. పైన మన వాళ్ళ ఊళ్ళు ముంపు కింద పోతున్నాయి. దిగువన ఆ నీళ్ళ కోసం కాలవలు ఎదురు చూస్తున్నాయి. రెండు చోట్లా ఇళ్ళు కడుతున్నారు. రెండు చోట్లా ఇసుక, సిమెంటు, ఇనుము ఒకటే. కట్టించే తీరు మాత్రం ఒకటి కాదు. ఆ తేడా ఎక్కడుందో దగ్గర నుంచి చూశాం కాబట్టే రాస్తున్నాం.

మొగల్తూరు, నరసాపురం వైపు సొంత ఇల్లు కట్టుకునే రైతును గమనించండి. చేలో ఇల్లు వేయాలంటే ముందు మెరక తోలిస్తాడు. కొత్త మట్టి దిగబడుతుందని తెలుసు కాబట్టి వీలైతే ఒక వానాకాలం దాన్ని అలాగే వదిలేస్తాడు. సముద్రం దగ్గర, బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే. ఉప్పునీటితో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడుతుందని మేస్త్రీకీ తెలుసు, రైతుకూ తెలుసు. అందుకని మంచినీళ్ళు తెప్పిస్తాడు. స్లాబు రోజున పొద్దున్నే వచ్చి ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. బస్తాలు లెక్కపెడతాడు. మర్నాటి నుంచి స్లాబు మీద మడులు కట్టించి నీళ్ళు నిలబెడతాడు. డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వడు. పునాదికి కొంత, లింటల్‌కు కొంత, స్లాబుకు కొంత, పూతపనికి కొంత. ఆఖరి విడత మాత్రం కుళాయి తిప్పి చూసి, తలుపు గడియ వేసి చూసి, అప్పుడు ఇస్తాడు.

ఇంజనీరింగ్ కాలేజీలో దీన్ని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటారు. పుస్తకంలో పెద్ద పెద్ద పటాలు ఉంటాయి. ఏ పని ముందు, ఏ పని తర్వాత, ఎంత సరుకు, ఎన్ని రోజులు, ఎంత డబ్బు, నాణ్యత ఎవరు చూడాలి అన్నదే అందులో అసలు విషయం. ఆ రైతు పదో తరగతి చదివాడో లేదో. అయినా పని సరిగ్గా జరుగుతుంది. ఎందుకు? ఆ ఇంట్లో ఉండేదీ, ఆఖరి విడత ఆపగలిగేదీ ఒకే మనిషి గనుక. కట్టుబడిలో పర్యవేక్షణ అన్న మాటకు వేరు ఇదే. డబ్బు ఆపగలిగే చేయి ఎవరిదో, మేస్త్రీ చూపు వాళ్ళ మీదే ఉంటుంది.

సరే, భీమవరంలోనో రాజమండ్రిలోనో అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనుక్కునే ఉద్యోగి సంగతి చూద్దాం. నాలుగైదు అంతస్తుల పని దగ్గర అతను కుర్చీ వేసుకుని కూర్చోలేడు. అతని తరఫున కూర్చోవడానికి పార్లమెంటు 2016లో ఒక చట్టం చేసింది. దాన్నే అందరూ రెరా అంటున్నారు. కొనుగోలుదారుల దగ్గర వసూలు చేసిన సొమ్ములో 70 శాతం విడిగా ఒక బ్యాంకు ఖాతాలో ఉంచాలి. అందులోంచి తీసేటప్పుడు పని ఎంత శాతం అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరించాలి. మూడు నెలలకోసారి పని ఎక్కడిదాకా వచ్చిందో అందరికీ కనిపించేలా వెల్లడించాలి. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే వడ్డీ కట్టాలి. ఇంటిని అప్పగించాక 5 సంవత్సరాల లోపు కట్టుబడిలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లోగా బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలి. చేయకపోతే పరిహారం కట్టాలి.

మంచి చట్టమే. అమలులో లోపాలుంటే ఉండవచ్చు గానీ, దాని వెనకున్న ఆలోచన మంచిది. మా ప్రశ్న ఒక్కటే. డబ్బు పెట్టి ఇల్లు కొన్నవాడికి ఇచ్చిన ఈ రక్షణ, ఊరు ఊరంతా ఇచ్చేసి ఇల్లు తీసుకున్నవాడికి ఎందుకు లేదు? రెరా అమ్మకానికి కట్టే ఇళ్ళకు. పునరావాస కాలనీ అమ్మకానికి కాదు గదా అంటారు. మేము భూమి ఇచ్చాం, చెట్టు ఇచ్చాం, చేను ఇచ్చాం, తాతలను పాతిపెట్టిన చోటు ఇచ్చాం. ఇది అమ్మకం కాకపోతే ఏమిటి? ఆ ఉద్యోగి 20 ఏళ్ళ అప్పు పెట్టి కొన్నాడు. మన వాళ్ళు తరతరాల ఆస్తి పెట్టి కొన్నారు. ధర ఎక్కువ చెల్లించింది ఎవరు?

ప్రభుత్వానికి పనిని నడిపించడం చేతకాదని మేము అనడం లేదు. చేతనవును. బాగా చేతనవును. పోలవరం ఆనకట్ట పని చూడండి. 1981లో శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు, 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు సోమవారం వస్తే ముఖ్యమంత్రి పోలవరం మీద సమీక్ష చేసేవారు. సోమవారం పోలవరం అని దానికి పేరు కూడా పడింది. ఎన్ని ఘనపు మీటర్ల కాంక్రీటు పడింది, ఎన్ని గేట్లు బిగించారు అని లెక్కలు పేపర్లలో వచ్చేవి. 2019 జనవరిలో 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కూడా ఎక్కారు. గంట గంటకూ కొలిచారు, రాశారు, సాక్షులను పెట్టారు. 2021 జూన్‌లో నదినే స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. గోదావరిని మళ్ళించగలిగిన నిర్వహణ, ఆ నది ఒడ్డున ఉన్న కుటుంబానికి కారని కప్పు ఇవ్వలేదంటే నమ్మాలా?

చట్టంలో ఏముందో మన టీచర్లు ఒకసారి చదవాలి. 2013 భూసేకరణ చట్టం 38వ సెక్షన్ ప్రకారం సాగునీటి ప్రాజెక్టయితే, భూములు మునగడానికి 6 నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. మూడో షెడ్యూలులో కాలనీకి రోడ్డు, మురుగు కాలవ, తాగునీరు, బడి, శ్మశానం వంటివన్నీ వరసగా రాసి ఉన్నాయి. అయితే జరిగిందేమిటి? ఆనకట్ట వల్ల ఊళ్ళు కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే. ముంపును 41.15 మీటర్ల మట్టం ఒక విడత, 45.72 మీటర్ల మట్టం ఇంకో విడత అని విడగొట్టారు. నీళ్ళకు ఆ విడతలు తెలియవు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వి.ఆర్.పురం మండలాల్లో మన వాళ్ళు ఇంకా ఆ ఊళ్ళలోనే ఉన్నారు. ఆనకట్టకు గడువు మీద గడువు, సమీక్ష మీద సమీక్ష. కాలనీకి ఆ సోమవారం ఏది?

ఇల్లు దక్కినవాళ్ళ సంగతీ చెప్పాలి. మా బంధువులు ఉంటున్న ఒక పునరావాస కాలనీలో మొదటి వానాకాలానికే వంటగది గోడ పక్క నుంచి నీరు దిగింది. ఇంజనీరు దగ్గరికి వెళ్తే, మేము అప్పగించేశాం, ఫైలు మా దగ్గర లేదు అన్నారు. కాంట్రాక్టరు మనిషి, మా బిల్లు అయిపోయింది అన్నాడు. ఇంకో ఆఫీసులో, ఇది మా శాఖ కట్టింది కాదు అన్నారు. చివరికి ఇంటివాళ్ళే అప్పు చేసి పైన రేకులు వేసుకున్నారు. ఉచితంగా వచ్చిన ఇంటికి వంక పెడతారేమిటని పక్క ఊరివాళ్ళు వెటకారం చేశారు. ఆ మాట మమ్మల్ని నీరు దిగిన గోడ కంటే ఎక్కువ బాధపెట్టింది.

కాంట్రాక్టు ఒప్పందాల్లో లోపాలు సరిచేసే బాధ్యతా కాలం ఉంటుంది కదా అని చదువుకున్నవాళ్ళు అంటారు. ఉంటుంది. కానీ ఆ ఒప్పందం శాఖకూ కాంట్రాక్టరుకూ మధ్య. ఇంట్లో ఉండే సీతమ్మకో, ముత్తయ్యకో అందులో చోటు లేదు. వాళ్ళు ఫిర్యాదు చేస్తే వినాల్సిన గడువు లేదు. వాళ్ళు సరే అనకపోయినా డిపాజిట్ వెనక్కి వెళ్ళిపోతుంది. బాధ్యత కాగితం మీద ఉంది. దాన్ని అడిగే హక్కు ఇంటివాళ్ళకు లేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 8, 9 తరగతుల పిల్లలతో బోర్డు మీద చేయించండి. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న స్లాబుకు కాంక్రీటు ఎంత? 100 ఘనపుటడుగులు. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్ళలో కలిపితే 22, 23 బస్తాల సిమెంటు పడుతుంది. అదే స్లాబు మందం 3 అంగుళాలే వేస్తే? 75 ఘనపుటడుగులు. అంటే 25 ఘనపుటడుగుల కాంక్రీటు, 5 నుంచి 6 బస్తాల సిమెంటు మిగిలిపోయినట్టే. ఒక్క ఇంటికి అది చిన్న దొంగతనంలా కనిపిస్తుంది. 100 ఇళ్ళ కాలనీ అయితే 500 బస్తాలకు పైనే. ఇనుము, ఇసుక, కంకర అదనం. ఆ ఒక్క అంగుళం ఎవరు చూస్తారు? పూతపని అయ్యాక ఏ అధికారికీ కనిపించదు. పోసేటప్పుడు స్కేలు పట్టుకుని నిలబడ్డ మనిషికే కనిపిస్తుంది. ఆ మనిషి ఇంటివాళ్ళలో ఒకరై ఉండాలి అన్నదే మా పట్టు.

దీనికి వచ్చే మొదటి జవాబు మాకు తెలుసు. ఆదివాసీలకు కట్టుబడి పని తెలియదు అంటారు. మన తాతలు ఇల్లు కట్టడానికి ఎవరికి టెండరు పిలిచారు? నిట్రాడికి ఏ కర్ర పనికొస్తుందో, వెదురు ఎప్పుడు కొడితే పురుగు పట్టదో, గోడకు మెత్తే మట్టిలో ఏం కలపాలో వాళ్ళకు తెలుసు. ఊరంతా చేయి వేసేది. ఇంటికి చూరు ఎంత దిగాలో, ఇప్పపూవు ఎండబెట్టే వాకిలి ఎటు ఉండాలో, మేకల దొడ్డి ఎంత దూరంలో ఉండాలో చూసి కట్టేవాళ్ళు. సిమెంటు కొత్త కావచ్చు, చూసే కన్ను కొత్త కాదు. పైగా ఈ రోజు రాజమండ్రి, హైదరాబాదు అపార్ట్‌మెంట్ల దగ్గర ఇనుము కట్టేది, సెంట్రింగ్ కొట్టేది ఎవరు? మన కుర్రాళ్ళు కూడా ఉన్నారు. ఎవరి మేడకో స్లాబు పోయడానికి పనికొచ్చిన చేయి, సొంత కాలనీ స్లాబును కొలవడానికి పనికిరాదా?

రెండో జవాబు, గ్రామసభను అడుగుతూ కూర్చుంటే ఆలస్యమవుతుంది అన్నది. 1981 నుంచి లెక్కపెట్టండి. ఆలస్యం చేసింది గ్రామసభలా? ఇంకో సంగతి. ఉపాధి హామీ పనుల్లో మన రాష్ట్రం 2006లోనే సామాజిక తనిఖీ మొదలుపెట్టి దేశానికి దారి చూపింది. మస్టర్ పట్టుకొచ్చి ఊరి మధ్య చదివారు, తవ్విన గుంటను టేపు పెట్టి కొలిచారు. గుంటకు ఉన్న తనిఖీ ఇంటికి ఎందుకు ఉండకూడదు? భూసేకరణ చట్టం 45వ సెక్షన్‌లో పునరావాస కమిటీ ఉంది. అందులో ముంపు ప్రాంతపు మహిళ, ఎస్టీ ప్రతినిధి ఉండాలి. పనులయ్యాక గ్రామసభతో సంప్రదించి సామాజిక తనిఖీ చేయాలని కూడా ఉంది. మేము కొత్తగా కోరేది ఏమీ లేదు. ఉన్న అక్షరానికి ప్రాణం పోయమంటున్నాం.

మూడో జవాబు చాలా తెలివైనది. సరే, డబ్బు మీకే ఇస్తాం, మీరే కట్టుకోండి అంటారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. 2020 డిసెంబరు 25న మొదలైన పేదల ఇళ్ళ పథకంలో పల్లెల్లో సెంటున్నర స్థలం, ఇంటికి 1 లక్షా 80 వేలు అన్నారు. సరుకు తీసుకుని కట్టుకోవడం, బిల్లులు తీసుకుని కట్టుకోవడం, ప్రభుత్వమే కట్టివ్వడం అని మూడు దారులు చూపించారు. డెల్టాలో కాలవ గట్ల మీద, చెరువుల పక్కన బతికే యానాదులకు, ఊరూరా తిరిగి బుట్టలు అల్లే ఎరుకల వాళ్ళకు చేతిలో పెట్టుబడి ఎక్కడిది? స్థలం పల్లమైతే మెరకకే ఎంతో పోతుంది. పునాది వేస్తేనే బిల్లు, పునాది వేయడానికి అప్పు. ఆ అప్పుకు వడ్డీ. అందుకే ఎన్నో ఇళ్ళు సగంలో ఆగాయి. 2025 మార్చిలో ప్రభుత్వమే ఆగిపోయిన ఇళ్ళకు ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష రూపాయలు అదనంగా ప్రకటించాల్సి వచ్చింది. చాలని డబ్బు చేతిలో పెట్టి, ఇంజనీరు పక్కకు తప్పుకుంటే దాన్ని స్వేచ్ఛ అనరు. గాలికి వదిలేయడం అంటారు.

ఇంటివాళ్ళ చేతిలో పగ్గం, పక్కన ఇంజనీరు, ఖాతాలో సరిపడా డబ్బు. మూడూ కలిస్తే ఏమవుతుందో గుజరాత్‌లో చూశాం. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో లక్షలాది ఇళ్ళు కూలాయి. అక్కడ చాలా ఊళ్ళలో కాంట్రాక్టర్లకు అప్పజెప్పకుండా, డబ్బును విడతలుగా ఇంటివాళ్ళకే ఇచ్చారు. మేస్త్రీలకు శిక్షణ ఇచ్చారు. ఇంజనీర్లు వచ్చి చూసి, సరిగ్గా ఉందంటేనే తర్వాతి విడత. జనం పాత ఊళ్ళోనే తమకు నచ్చినట్టు, భూకంపానికి తట్టుకునేట్టు కట్టుకున్నారు. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాదు?

కాబట్టి మేము అడిగేవి నాలుగే. ఒకటి, ప్రతి కాలనీ దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి. ఒక్కో ఇంటికి ఎంత సిమెంటు, ఎంత ఇనుము, స్లాబు మందం ఎంత, కాంట్రాక్టరు ఎవరు, సబ్ కాంట్రాక్టరు ఎవరు, గడువు ఎప్పుడు అన్నది అందులో ఉండాలి. రెండు, ఇంజనీరు కొలతల పుస్తకంలో రాసిన కొలతలు బిల్లు పంపే ముందు గ్రామసభలో చదవాలి. మూడు, ఆఖరి బిల్లుకు ఇంటివాళ్ళ సంతకం తప్పనిసరి చేయాలి. భార్యాభర్తలుంటే ఆమె సంతకం ముందు ఉండాలి. వంటగదిలో నీరు కారితే ముందు తడిసేది ఆమే. నాలుగు, ఫ్లాటు కొన్నవాళ్ళకు ఇచ్చినట్టే 5 సంవత్సరాల బాధ్యత, 30 రోజుల గడువు మనకూ రాసివ్వాలి. ఆ గడువు అయ్యేదాకా డిపాజిట్ కదలకూడదు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. సాటి టీచర్లారా, ఈ హక్కులు వచ్చినా వాడుకునే చదువు లేకపోతే సంతకం మళ్ళీ వేలిముద్రే అవుతుంది. లెక్కల పీరియడ్‌లో ఘనపరిమాణం చెప్పేటప్పుడు పుస్తకంలోని డబ్బాతో ఆగకండి. పిల్లల్ని బడి పక్కన కట్టే గది దగ్గరికి తీసుకెళ్ళి టేపుతో కొలిపించండి. సైన్సులో తుప్పు పాఠం వచ్చినప్పుడు ఉప్పునీటి కాంక్రీటు గురించి చెప్పండి. మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటయితే కనీసం 10 రోజులు తడపాలని, కాంక్రీటు పూర్తి బలాన్ని 28 రోజులకు పరీక్షిస్తారని చెప్పండి. సాంఘికశాస్త్రంలో 2005 సమాచార హక్కు చట్టం వచ్చినప్పుడు దరఖాస్తు రాయించండి. ఆ చట్టం కాగితాలు చూడటానికే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేయడానికి, వాడిన సరుకు నమూనా తీసుకోవడానికి కూడా హక్కు ఇచ్చింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళు ఫీజు కట్టక్కర్లేదు. ఇది ఎంతమందికి తెలుసు?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకూ ఒక మాట. ఐటిఐలో, పాలిటెక్నిక్‌లో సివిల్ చదివినవాళ్ళు మనలో ఉన్నారు. ఎస్టీ కాంట్రాక్టరు పేరుతో లైసెన్సు తీసుకుని, ఆ లైసెన్సును ఎవరో పెద్దమనిషికి అద్దెకిచ్చి, నెలకు ఇంత అని పుచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. బోర్డు మీద మన ఇంటిపేరు, పని మీద వాళ్ళ పెత్తనం. స్లాబు కారితే మాత్రం తిట్టు మనకు. ఆ నెల జీతం కోసం మన అత్త, మన మేనమామ ఉండే ఇంటి కప్పు పలచబడుతోందని తెలుసుకోండి. లైసెన్సు తీసుకుంటే పని మీరే చేయండి. చేయలేకపోతే కొలిచేవాళ్ళుగా ఉండండి. ఊరికి ఇద్దరు టేపు పట్టుకుని నిలబడితే చాలు, సబ్ కాంట్రాక్టరు మాట తీరే మారిపోతుంది.

ఇల్లు దానం కాదు, మనం ఇచ్చినదానికి రావాల్సిన బాకీ. బాకీ తీర్చినట్టు రసీదు రాసేది అప్పిచ్చినవాడే గానీ అప్పు తీసుకున్నవాడు కాదు. ఇన్నాళ్ళూ ఆ రసీదు మన పేరు మీద ఇంకెవరో రాసుకున్నారు. ఇకనుంచి మన కాలనీలో ఏ ఇంటి బిల్లయినా మన ముందు చదవాలి, మన చేత్తో సంతకం పడాలి. అది లేని బిల్లు చెల్లదు.